తేదీ అడిగే యంత్రం

బాబాయి పోయి నెల తిరిగాక, ఆయన గది సర్దుతున్న పిన్ని నాకు ఫోన్ చేశారు. "ఆ పాత కంప్యూటర్‌ను ఎవరికైనా ఇచ్చేసే ముందు నువ్వొకసారి వచ్చి చూసి పోరా. లోపల ఆయన రాసుకున్నవి ఏమున్నాయో నాకు తెలియదు" అన్నారు. కంప్యూటర్లు బిగిస్తూ, బాగుచేస్తూ, వాటిని వాడేవాళ్ల ఇబ్బందులు వింటూ ఇన్నేళ్లు బతికినవాణ్ని కనుక ఆ పని నాకే రావడం సహజం. వెనుకవైపు ఉన్న ఐదు మరలు విప్పి, బరువైన ఇనుప మూతను ముందుకు లాగాను. ఒక్కసారిగా ఆ వాసన వచ్చింది. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారిన దుమ్ము, పసుపుబారిన ప్లాస్టిక్, పచ్చటి బోర్డు మీది టంకం, ఫ్యాను ఇరుసులో ఎండిపోయిన నూనె, ఇవన్నీ కలిసిన వాసన అది. ఈనాటి యంత్రాల్లో ఆ వాసన లేదు. మూత చేతిలో పట్టుకుని కాసేపు అలాగే నేల మీద కూర్చుండిపోయాను.

ఆ యంత్రాన్ని లోకం పర్సనల్ కంప్యూటర్ అంది, అంటే ఒక్క మనిషి సొంతానికి వాడుకునేదని అర్థం. కానీ ఆ యంత్రం ముందు ఎవరైనా ఒంటరిగా కూర్చున్నట్టు నాకు జ్ఞాపకం లేదు. బాబాయి కుర్చీకి కుడిపక్కన ఎప్పుడూ ఒక చెక్క స్టూలు ఉండేది. దాని మీద ఒకరోజు పిన్ని, ఒకరోజు ఖాతాలు తెచ్చిన మనిషి, సెలవు దొరికిన ప్రతిరోజూ నేను కూర్చునేవాళ్లం. ఆ తర్వాత నేను ఎన్ని రకాల కంప్యూటర్లు చూశానో లెక్క లేదు గాని, ఒక్కొక్క రకాన్ని తలచుకున్నప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చేది దాని వేగమో, జ్ఞాపకశక్తో కాదు. దాని ముందు ఎంతమంది కూర్చునేవారు, ఎలా కూర్చునేవారు అన్నదే గుర్తొస్తుంది.

* * *

బాబాయి వృత్తి లెక్కలు రాయడం. నలుగురైదుగురి ఖాతాలు ఇంటి దగ్గరే చూసేవారు. ఆయన కొన్నది ఎక్స్‌టీ తరహా యంత్రం. ఐబీఎం సంస్థ 1981 ఆగస్టులో తన మొదటి పీసీని విడుదల చేసింది. ఇంటెల్ 8088 ప్రాసెసర్, 4.77 మెగాహెర్ట్జ్ వేగం, కనీసం 16 కిలోబైట్ల మెమరీ దాని స్వరూపం. 1983లో వచ్చిన ఎక్స్‌టీలో 10 మెగాబైట్ల హార్డ్‌డిస్క్ చేరింది. లోపలి అమరికనంతా ఐబీఎం సాంకేతిక పుస్తకంగా ప్రచురించడం వల్ల, భాగాలు చాలామటుకు బయట దొరికేవే కావడం వల్ల, అటువంటి యంత్రాలనే మరెన్నో సంస్థలు తయారుచేయగలిగాయి. బాబాయిది అలా తయారైన వాటిలో ఒకటి. 640 కిలోబైట్ల మెమరీ, 20 మెగాబైట్ల డిస్క్, ఆకుపచ్చ అక్షరాల మానిటర్. ఆ 20 మెగాబైట్లు ఎప్పటికి నిండుతాయని పిన్ని అడిగితే, "మన జన్మకు నిండవు" అని బాబాయి నమ్మకంగా చెప్పిన మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

దాన్ని ఆన్ చేయడం ఒక క్రమం ప్రకారం జరిగేది. మొదట మానిటర్ మీది ప్లాస్టిక్ తొడుగు తీసి మడతపెట్టాలి. తరువాత పెట్టె కుడిపక్కన వెనుకగా ఉన్న ఎర్రటి పెద్ద మీటను పైకి నెట్టాలి. ఆ మీట వేలికి గట్టిగా ఎదురు తిరిగి, చివరికి టక్కుమని పడేది. ఫ్యాను హోరు మొదలయ్యేది. తెర మీద మెమరీ లెక్క 64, 128, 192 అంటూ ఒక్కో మెట్టూ ఎక్కుతూ 640 దగ్గర ఆగేవరకూ మేము కదలకుండా చూసేవాళ్లం. ఆ తరువాత ఒకే ఒక్క బీప్. అది ఒక్కసారే మోగాలి, రెండుసార్లు మోగితే ఏదో తేడా ఉన్నట్టు లెక్క. ఫ్లాపీ డ్రైవ్ దీపం ఎర్రగా వెలిగి, గరగరమని ఒకసారి తిరిగి ఆరిపోయేది. హార్డ్‌డిస్క్ సన్నగా కూత పెట్టడం మొదలుపెట్టేది. అప్పుడు తెర మీద తేదీ కనబడేది. మంగళవారం, 1980 జనవరి 1. దాని కింద, కొత్త తేదీ ఇవ్వమన్న అభ్యర్థన.

ఆ యంత్రంలో బ్యాటరీతో నడిచే గడియారం ఉండేది కాదు. 1984లో వచ్చిన ఐబీఎం ఏటీ నమూనాతో ఆ సదుపాయం అందరికీ అలవాటయింది గాని, అంతకుముందువి కరెంటు తీయగానే కాలాన్ని మరచిపోయేవి. ఆ యంత్రాన్ని నడిపే మూల ప్రోగ్రామ్ పేరు డాస్. డాస్‌కు లోకం మొదలైన రోజు 1980 జనవరి 1. ప్రతి ఉదయం దానికి ఈరోజు ఏ రోజో మనమే చెప్పాలి. చెప్పకుండా ఎంటర్ నొక్కినా పని జరిగిపోతుంది. నాలాంటి పిల్లవాడు చేసేది అదే. బాబాయి మాత్రం ఒప్పుకునేవారు కాదు. "తేదీ కొట్టరా. ఎప్పుడు రాశామో తెలియని కాగితం ఎందుకు పనికొస్తుంది?" అనేవారు. ఆన్ చేయగానే తనంతట తానే నడిచే ఆదేశాల జాబితా, అంటే ఆటోఎగ్జెక్ ఫైలు ఉంటే ఆ ప్రశ్న రాకుండా పోతుందని తెలిసి, అందులో మొట్టమొదటి వరుసలోనే డేట్ అన్న ఆదేశాన్ని ఆయన పనిగట్టుకుని రాసి పెట్టుకున్నారు.

ఆ మానిటర్ మీద 25 వరుసలు, వరుసకు 80 అక్షరాలు. ఆ కిటికీలోంచే బాబాయి తన లోకాన్నంతా చూసేవారు. ఉత్తరాలకు వర్డ్‌స్టార్, లెక్కలకు లోటస్ 1-2-3. కంట్రోల్ మీట నొక్కిపెట్టి కే, ఆపైన ఎస్ కొడితే ఉత్తరం డిస్కులో భద్రమవుతుంది. పేరా పూర్తయినప్పుడల్లా ఆయన ఎడమచేతి చిటికెన వేలు తనంతట తానే కంట్రోల్ మీదికి జరిగేది. లోటస్ కన్నా ముందే, 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ ఆపిల్ 2 కోసం విజిక్యాల్క్ తయారుచేశారు. ఒక గడిలో అంకె మారిస్తే దాని మీద ఆధారపడిన గడులన్నీ వాటంతట అవే మారే కాగితం అది. లెక్కలు చేతితో రాసి, ఒక్క తప్పు దొర్లితే పేజీలకు పేజీలు మళ్లీ కూడుకున్న మనిషికి అది ఎంతటి విడుదలో నాకు బాబాయి ముఖం చూసి తెలిసింది. ఆయన వడ్డీ శాతాన్ని అర శాతం తగ్గించి ఎంటర్ నొక్కేవారు. తెర కుడి మూల వెయిట్ అన్న మాట మిణుకుమిణుకుమనేది. ఆ యంత్రం నెమ్మది కనుక మార్పు మన కళ్లముందే జరిగేది. పై గడి మారేది, దాని కింది గడి, దాని కింది గడి, చీమల బారు కదిలినట్టు అంకెలు కిందికి మారుతూ వచ్చి చివరి మొత్తం దగ్గర ఆగేవి. "చూశావా, మనం అడిగిందల్లా విసుక్కోకుండా మళ్లీ మొదటినుంచి చేస్తుంది" అని బాబాయి స్టూలు వైపు తిరిగేవారు. ఆ సంతోషం ఎవరితోనైనా పంచుకోవాలి గనుకనే ఆ స్టూలు అక్కడ ఉండేది.

డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మోత గురించి చెప్పకపోతే ఆ గది పూర్తి కాదు. తొమ్మిది సూదులు రిబ్బన్ మీద కొడుతూ ఎడమనుంచి కుడికి, కుడినుంచి ఎడమకు పరుగెత్తే ఆ చప్పుడు పక్క గదిలో మాటలు వినిపించనిచ్చేది కాదు. రెండు అంచులా చిల్లులున్న కాగితం అకార్డియన్ మడతల్లా కిందినుంచి పైకి ఎక్కేది. పని అయ్యాక ఆ చిల్లుల అంచులను మధ్యలో తెగకుండా ఒక్క లాగులో చింపడం నా వంతు.

* * *

అదే రోజుల్లో మా స్నేహితుడి ఇంట్లో ఉన్నది పూర్తిగా వేరే జాతి. జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ అనే హోమ్ కంప్యూటర్, 1982లో వచ్చిన నమూనా. చిన్నగా, నల్లగా, రబ్బరు మీటలతో ఉండేది. కీబోర్డే కంప్యూటర్. మానిటర్ లేదు, టీవీకి తగిలించాలి. డిస్క్ లేదు, టేప్‌రికార్డరే దాని బీరువా. 1977లో ఒకే ఏడాది వచ్చిన ఆపిల్ 2, కమొడోర్ పెట్, టీఆర్ఎస్-80 కూడా మొదట్లో క్యాసెట్ల మీదే ఆధారపడ్డాయని చాలా ఏళ్ల తర్వాత చదివినప్పుడు, మా స్నేహితుడి టేప్‌రికార్డర్ మీద నాకు గౌరవం పెరిగింది.

లోడ్ అని కొట్టి, క్యాసెట్ ప్లే నొక్కితే, ముందు సాగదీసిన ఒక ఈల వినిపించేది. తెర అంచున ఎరుపు, లేత నీలం పట్టీలు నిదానంగా దొర్లేవి. ఆ తరువాత ఈల కాస్తా చెవిని గీరే కీచుగా మారేది, పట్టీలు పసుపు, ముదురు నీలమై వణికేవి. ఆటంతా ఎక్కడానికి దాదాపు ఐదు నిమిషాలు పట్టేది. ఆ ఐదు నిమిషాలూ మేము నలుగురం నేల మీద కూర్చుని ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం. టేప్ శబ్దం కాస్త ఎక్కువైనా, తక్కువైనా చివర్లో లోడింగ్ ఎర్రర్ అని వచ్చేది. మళ్లీ వెనక్కి తిప్పి మొదలుపెట్టేవాళ్లం. ఆ యంత్రంలో మరో విశేషం, ప్రింట్ అన్న మాటను ఐదు అక్షరాలుగా కొట్టనక్కర లేదు. పీ అన్న మీట ఒక్కసారి నొక్కితే మాట మొత్తం వచ్చి కూర్చునేది. ఇంట్లోవాళ్లకు టీవీ అక్కర్లేని వేళల్లోనే మాకు కంప్యూటర్ దొరికేది కనుక, దాన్ని వాడటం అంటే ఇంటిల్లిపాదితో బేరం కుదుర్చుకోవడం కూడా.

ఈ రెండు యంత్రాలూ కంప్యూటర్లే, రెండిట్లోనూ ప్రోగ్రామ్‌లు రాసే బేసిక్ భాష ఉంది. అయినా బల్ల ముందు నిటారుగా కూర్చుని పనిచేసే యంత్రానికీ, నేల మీద చతికిలబడి ఆడుకునే యంత్రానికీ నడుమ తేడా ఎంతో నాకు అప్పుడే తెలిసింది. ప్రోగ్రామ్ రాయడం మాత్రం నేను ఆ నేల మీదే నేర్చుకున్నాను. నేర్చుకున్నదాన్ని బాబాయి యంత్రంలో జీడబ్ల్యూ బేసిక్‌లో మళ్లీ రాసి, ఆయన ఇచ్చిన పాత ఫ్లాపీలో దాచుకునేవాణ్ని. ఐదుంపావు అంగుళాల ఆ ఫ్లాపీ వంగేది, గాలిలో ఊపితే పలచగా చప్పుడు చేసేది. అందులో పట్టేది 360 కిలోబైట్లు. పక్కన ఉన్న చిన్న గాటు మీద వెండిరంగు కాగితపు ముక్క అంటిస్తే ఇక దాని మీద ఎవరూ రాయలేరు. బాబాయి తన ముఖ్యమైన ఫ్లాపీలన్నిటికీ ఆ ముక్కలు గోటితో నొక్కి నొక్కి అంటించేవారు.

* * *

కాలేజీలో అచ్చుపని నేర్పే గదిలో మొదటిసారి మెకింటాష్‌ను చూశాను. అప్పటికే అది పాత నమూనా. ఆపిల్ సంస్థ 1984 జనవరి 24న పరిచయం చేసినది. తొమ్మిది అంగుళాల నలుపు తెలుపు తెర, పెట్టె అంతా ఒకే ముక్క, నెత్తిమీద వెనుకవైపు చెయ్యి దూర్చి ఎత్తుకోవడానికి ఒక పట్టు. దాన్ని ఆన్ చేసినప్పుడు నేను ఫ్యాను చప్పుడు కోసం ఎదురుచూశాను. రాలేదు, ఆ నమూనాలో ఫ్యానే లేదు. కీబోర్డు మీద బాణపు మీటలు కూడా లేవు. ఎటు కదలాలన్నా మౌస్‌తోనే కదలాలి. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968లోనే మౌస్‌ను సభలో చూపించారని, జిరాక్స్ పరిశోధకులు 1973లో ఆల్టో అనే యంత్రంలో దాన్ని నిత్యం వాడారని మాకు చెప్పారు. చెప్పినప్పుడు అది చరిత్ర పాఠంగానే ఉంది. చేయి వేసినప్పుడు మాత్రం ఒళ్లు జలదరించింది. బల్ల మీద నా చేయి ఇటు జరిగితే అక్కడ తెరలో బాణం అటే జరిగింది. ఆదేశం రాయడం అలవాటైన నాకు, వేలుపెట్టి చూపడం అన్నది అదే తొలిసారి.

ఒక్క విషయం మాత్రం చాలాకాలం భయపెట్టింది. ఫ్లాపీ బయటికి రావాలంటే దాని బొమ్మను లాక్కెళ్లి చెత్తబుట్టలో వేయాలి. వారం రోజుల పని ఉన్న డిస్క్‌ను చెత్తబుట్ట మీదికి లాగుతూ వేలు వదలడానికి నేను ఎంతసేపు వెనుకాడానో. వదలగానే లోపల మోటారు మూలిగి, డిస్క్ మెల్లగా నాలుకలా బయటికి వచ్చింది.

ఆ గదిలో పేజీలు కూర్చేవాళ్ల పని చూస్తుంటే కాలం తెలిసేది కాదు. 1985లో లేజర్‌రైటర్ ప్రింటర్, పేజ్‌మేకర్ ప్రోగ్రామ్ వచ్చాక ఆ చిన్న పెట్టెలు అచ్చుపనిని బల్ల మీదికి తెచ్చేశాయి. అక్కడ కూడా ఒకరు మౌస్ పట్టుకుంటే ఇద్దరు వెనుక నిలబడి, "శీర్షిక కాస్త పైకి, ఇంకాస్త, చాలు" అంటూ ఉండేవారు.

* * *

ఉద్యోగంలో చేరాక నా లోకం టవర్లతో నిండిపోయింది. బల్ల కింద నిలువుగా నిలబడే ఆ పెట్టెలను అందరూ సీపీయూ అనే పిలిచేవారు. అసలు సీపీయూ లోపల ఉన్న ఒక చిన్న చిప్ మాత్రమేనని తెలిసినా నేనూ అలాగే పిలిచాను, ఎందుకంటే "మా సీపీయూ ఆన్ కావడం లేదండీ" అని ఫోన్ చేసిన మనిషికి కావలసింది పాఠం కాదు. టర్బో అన్న మీట, పక్కనే వేగాన్ని చూపే అంకెల దీపం, తాళంచెవి పెట్టి తిప్పే చిన్న తాళం ఆనాటి పెట్టెల ముఖానికి ఆభరణాలు. లోపల పని చేస్తే రేకు అంచులకు వేళ్లు తెగేవి. ప్రాసెసర్‌ను పిలవడానికి ఒక్కో కార్డుకు ఉండే ఇంటరప్ట్ సంఖ్య సౌండ్ కార్డుకు, నెట్‌వర్క్ కార్డుకు ఒకటే దొరికితే రెండూ మొండికేసేవి. రెండు పిన్నులను కలిపి ఆ సంఖ్యను నిర్ణయించే గోరంత ప్లాస్టిక్ జంపర్‌ను ట్వీజర్‌తో తీసి పక్క పిన్నుల మీదికి మార్చి, మూత పెట్టకుండానే ఆన్ చేసి చూసి, మళ్లీ మార్చేవాణ్ని.

విండోస్ 95 వచ్చిన రోజుల్లో ఒక రాత్రి బాగా గుర్తుంది. 1995 ఆగస్టు 24న అది విడుదలైంది. సీడీ డ్రైవ్ లేని యంత్రాల కోసం 13 ఫ్లాపీలలో కూడా దొరికేది. ఒక ఆఫీసులో ఐదు యంత్రాలకు ఎక్కించాలి. నాలుగో యంత్రం మీద పన్నెండో ఫ్లాపీ చదవడం మొదలుపెట్టి ఆగిపోయింది. లోపల డ్రైవ్ తల ముందుకూ వెనక్కూ కొట్టుకుంటూ అదే చోటును మళ్లీ మళ్లీ చదవబోయే ఆ చప్పుడు విన్నవాళ్లకు నేను వర్ణించనక్కర లేదు, విననివాళ్లకు ఎంత వర్ణించినా అందదు. ఫ్లాపీ తీసి, లోహపు రెక్క జరిపి గాలి ఊది, మళ్లీ పెట్టి, మూడోసారికి అది చదివినప్పుడు ఆ ఆఫీసులో నాతోపాటు ఆగిపోయిన ఇద్దరు ఉద్యోగులు చప్పట్లు కొట్టారు. కంప్యూటర్‌ను ఆపేముందు, ఇక మీరు సురక్షితంగా ఆపవచ్చునని నల్లటి తెర మీద నారింజరంగు అక్షరాలు వచ్చేవి. ఆ మాట చదివి, మీట నొక్కి, ఫ్యాను నెమ్మదించి ఆగేదాకా ఉండి లేచి వెళ్లడం అప్పటి పనిదినానికి ముగింపు.

మనుషులు యంత్రాన్ని ఎలా వాడతారో నాకు చెప్పినవి కీబోర్డులు. శుభ్రం చేయడానికి తలకిందులు చేసి తట్టే ముందు, ఒకసారి దాన్ని కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టుకుని చూసే అలవాటు నాకుండేది. లెక్కలవాళ్ల కీబోర్డులో కుడివైపు అంకెల దిమ్మె ఒక్కటే నున్నబడి మెరిసేది. దాని ఎంటర్ మీద రాత అరిగిపోయి, ఎడమవైపు అక్షరాలు కొత్తవిలా ఉండేవి. రోజంతా వచనం కొట్టే అమ్మాయి స్పేస్‌బార్ మీద కుడి బొటనవేలు పడే చోట ఒక నాణెమంత మేర అద్దంలా తయారైంది. తక్కిన పట్టీ అంతా గరుకే. ప్రోగ్రామ్‌లు రాసేవాళ్లకు కుండలీకరణాలు, సెమికోలన్ అరిగేవి. ఆటలాడే పిల్లల యంత్రానికి డబ్ల్యూ, ఏ, ఎస్, డీ నాలుగూ మాయమై, చుట్టూ మిగిలినవి భద్రంగా ఉండేవి. నమూనాలు గీసేవాళ్ల వర్క్‌స్టేషన్ల దగ్గర కీబోర్డు పక్కకు జరిగిపోయి, మౌస్ కింద బల్ల రంగే వెలిసిపోయేది. కీబోర్డును చూసి దాన్ని వాడేవారి పని ఏమిటో నేను చెప్పగలిగేవాణ్ని. కొందరి ఓపిక కూడా చెప్పగలిగేవాణ్ని, ఎందుకంటే కోపంతో కొట్టే ఎంటర్ ఒక పక్కకు ఒరిగి ఉండేది. మౌస్ కింది మూత తిప్పి రబ్బరు గోళీని అరచేతిలోకి దొర్లించి, లోపలి చిన్న రోలర్లకు ఉంగరంలా చుట్టుకున్న మురికిని గోటితో గీకడం రోజూ చేసిన పని. ఆప్టికల్ మౌస్‌లు వచ్చాక ఎవరికీ ఆ అవసరం రాలేదు.

* * *

మోసుకుపోయే కంప్యూటర్లను కూడా అన్ని దశల్లోనూ చూశాను. మా ఆఫీసు సామాన్ల గదిలో ఒక పాత కాంపాక్ పోర్టబుల్ ఉండేది. కుట్టుమిషన్ పెట్టె ఆకారం, తొమ్మిది అంగుళాల ఆకుపచ్చ తెర, దాదాపు 13 కిలోల బరువు. బ్యాటరీ లేదు. ఎక్కడికి మోసుకెళ్లినా గోడలో ప్లగ్ వెతుక్కోవాల్సిందే. 1981 నాటి ఆస్‌బోర్న్ 1 దానికన్నా కాస్త తేలికే గాని, దాని తెర ఐదంగుళాలే. ఆ బరువు మోసుకుని రైళ్లూ విమానాలూ ఎక్కినవాళ్లు ఉన్నారంటే, తమ పని తమ వెంట ఉండాలన్న కోరిక మనిషికి ఎంత బలమైనదో ఊహించవచ్చు. 1991లో ఆపిల్ పవర్‌బుక్ కీబోర్డును తెర వైపు వెనక్కి జరిపి, ముందు మణికట్లు ఆన్చుకునే చోటు ఇచ్చింది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లు దాదాపు అన్నీ ఆ అమరికలోనే ఉన్నాయి. ఆ మరుసటి ఏడు వచ్చిన థింక్‌ప్యాడ్ కీబోర్డు మధ్యలో ఎర్రటి చిన్న బొడిపె ఉండేది, దాన్ని చూపుడువేలి కొనతో అటూ ఇటూ ఒత్తితే బాణం కదిలేది. నా మొదటి ల్యాప్‌టాప్ పాతదే, ఆ రకానిదే. ఒళ్లో పెట్టుకుంటే వేడి తొడలకు తగిలేది. బ్యాటరీ గుర్తు తరిగిపోతుంటే గుండె వేగం పెరిగేది.

ల్యాప్‌టాప్ నా ఒళ్లోకి వచ్చిన నాడే పక్కన మనిషి కూర్చునే చోటు పోయింది. అప్పుడు నేను గమనించలేదు. ఆ తెర పక్కనుంచి చూసేవారికి సగం నల్లగా కనిపించేది, ఎదురుగా కూర్చున్న నాకొక్కడికే స్పష్టంగా ఉండేది. మంచం మీద, రైలు సీటులో, గది మూలలో, ఎక్కడైనా ఒక్కణ్నే పని చేసుకోగలిగాను. ఆ స్వేచ్ఛను నేను మనసారా ఇష్టపడ్డాను. ఇంట్లోవాళ్లు నాతో మాట్లాడాలంటే ముందు నా తెర వెనుకకు రావలసి వచ్చిందని మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది.

మోడెమ్ కూతలు, 56 కిలోబిట్ల వేగం, ఫోన్ ఎవరో ఎత్తగానే తెగిపోయే ఇంటర్నెట్ గురించి ఇప్పటికే చాలామంది రాశారు. 1996లో పైలట్ అన్న పేరుతో వచ్చి, తరువాత పామ్‌పైలట్ అయిన అరచేతి కంప్యూటర్ మాత్రం నాకు ప్రత్యేకం. దాని మీద రాయడానికి మన చేతిరాతనే కొంచెం మార్చుకోవాలి. ఇంగ్లీషు ఏ అక్షరానికి అడ్డగీత ఉండదు, గొడుగులా ఒక్క గీతతో ముగించాలి. ఇప్పటికీ కాగితం మీద తొందరగా రాసేటప్పుడు నా ఏ అక్షరం అలాగే పడుతుంది. 2007లో ఆసుస్ సంస్థ తెచ్చిన ఏడంగుళాల 'ఈఈఈ పీసీ'తో మొదలైన నెట్‌బుక్‌లు అనే చిన్న ల్యాప్‌టాప్‌లు కొన్నాళ్లు వెలిగి ఆరిపోయాయి. 2012లో 'రాస్ప్‌బెరీ పై' అనే చిన్న కంప్యూటర్ వచ్చినప్పుడు, అరచేతిలో పట్టే ఆ బోర్డును టీవీకి తగిలించి బిగిస్తూ ఉంటే, నా మోకాళ్లు మళ్లీ ఆ స్నేహితుడి ఇంటి నేలను గుర్తు చేసుకున్నాయి.

* * *

బాబాయి చివరి సంవత్సరాల్లో ట్యాబ్లెట్ వాడారు. చూపు తగ్గాక అక్షరాలను రెండు వేళ్లతో సాగదీసి పెద్దవి చేసుకునేవారు. మొదటిసారి అలా సాగదీసినప్పుడు, ఒకప్పుడు లోటస్ అంకెలు మారుతుంటే చూసినంత సంబరంగా చూశారు. "దీనికి మీట లేదు, ఫ్యాను లేదు, ఇదెప్పుడూ తేదీ అడగదేమిట్రా" అన్నారు. దాని గడియారాన్ని నెట్‌వర్కే సరిచేస్తుందని చెప్పాను. ఆయన తల ఊపి, అయినా డైరీలో ఆనాటి తేదీ రాసుకున్నారు.

పాత యంత్రం పవర్ సప్లైని విడిగా పరీక్షించి, దుమ్ము దులిపి, కార్డులను ఒకసారి ఊడదీసి మళ్లీ నొక్కి, ఎర్ర మీటను పైకి నెట్టాను. అదే టక్కుమన్న చప్పుడు. మెమరీ 640 దాకా ఎక్కింది. ఒక్క బీప్. హార్డ్‌డిస్క్ మాత్రం లేవలేదు, తెర మీద 1701 అన్న లోపం సంఖ్య వచ్చింది. నిండదని బాబాయి చెప్పిన 20 మెగాబైట్లు ఇక తెరుచుకోవు. సొరుగులో ఉన్న ఫ్లాపీల పెట్టె తీసి, ఆయన చేతిరాతతో డాస్ అని ఉన్నదాన్ని పెట్టాను. దీపం వెలిగింది, గరగరలాడింది. మంగళవారం, 1980 జనవరి 1. కొత్త తేదీ?

నేను ఎంటర్ నొక్కలేదు. ముందు నెల, తరువాత రోజు, తరువాత నాలుగంకెల్లో ఏడాది కొట్టాను. అది తీసుకుంది.

వెండి ముక్క అంటించని ఒక ఫ్లాపీ దొరికింది. అది నాదే. ఫైళ్ల జాబితా చూపమని డిర్ అని కొట్టాను. ఎనిమిది ఫైళ్లు వచ్చాయి. ఏడింటి పక్కన 1980 జనవరి 1 అని ఉంది, నేను తేదీ కొట్టకుండా ఎంటర్ నొక్కిన రోజులవి. ఎనిమిదోదాని పక్కన అసలైన తేదీ ఉంది. నేను చదువు కోసం ఇల్లు వదిలి వెళ్లిన రెండేళ్ల తర్వాతి తేదీ. అది రెండు తేదీల మధ్య ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టడానికి నేను బేసిక్‌లో రాసిన ప్రోగ్రామ్. రాసినవాణ్ని నేనే, దాచినవాణ్ని కాను.

బేసిక్‌లో ఆ ప్రోగ్రామ్ తెరిచి, దాని వరుసలు చూపమని లిస్ట్ కొట్టాను. వరుసలకు పదేసి ఎడంతో సంఖ్యలు ఇవ్వడం మా అందరి పద్ధతి. 10, 20, 30 అంటూ నావే వరుసలు పైకి జరిగాయి. 80కి, 90కి నడుమ 85 అని ఒకటి కనిపించింది. ఏడాదిని నాలుగుతో భాగిస్తే శేషం లేనప్పుడు ఫిబ్రవరికి 29 రోజులు అని ఉంది ఆ వరుసలో. నేను లీపు సంవత్సరం సంగతే మరచిపోయి రాశాను. ఆయన నాకు చెప్పలేదు. ఎప్పుడో ఏదో ఖాతాకు రోజులు కావలసి వచ్చి వాడి ఉంటారు, తప్పు కనబడి ఉంటుంది, దిద్ది దాచి ఉంటారు.

రన్ కొట్టాను. మొదటి తేదీ అడిగింది. ఆ ఫైలు పక్కన ఉన్న తేదీ ఇచ్చాను. రెండో తేదీ అడిగితే ఈరోజుది ఇచ్చాను. నా ప్రోగ్రామ్ ఒక్కొక్క రోజునే కలుపుకుంటూ పోయే రకం కనుక, ఆకుపచ్చ కర్సర్ అలా నిలిచిపోయింది.

పిన్ని లోపలికి వచ్చి, గోడ పక్కన ఉన్న చెక్క స్టూలును లాక్కుని నా కుడిపక్కన కూర్చున్నారు. కాసేపు తెర వైపు చూశారు.

"ఏమిట్రా, ఆగిపోయిందా?"

"లేదు పిన్నీ, లెక్కపెడుతోంది."